నేలతొట్టిలో వేసిన బల్ల

ఇంగ్లండులో కూర్చుని అర్జెంటీనా పటం చూసేవాళ్ళకి అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. పొద్దున్నే కఫయాతేలో తెల్ల వైన్ రుచి చూసి, మధ్యాహ్నం సాన్ హువాన్‌లో భోంచేసి, సాయంత్రానికి మెందోసా చేరి మంచుకొండలు చూస్తూ ఎర్ర వైన్ తాగొచ్చు కదా అని ఫిలిప తేలిగ్గా అడిగేసింది. గ్రిసెల్దా ఫోను చెవి దగ్గర పెట్టుకునే నుదురు కొట్టుకుంది. ఆ ఊళ్ళ మధ్య ఉన్నది పెరటిదారి కాదు, బస్సులో కూర్చుంటే నడుములు విరిగే దూరం. కానీ ఆ మాట అలాగే చెబితే బేరం పోతుంది. "చక్కటి ఆలోచన. కాస్త సర్దుదాం" అంది ఇంగ్లీషులో.

పరదేశీయులకి వైన్ యాత్రలు కుదిర్చిపెట్టడం గ్రిసెల్దా బతుకుతెరువు. ఫిలిప పనిచేసే కంపెనీ అక్కడ లండన్‌లో మనుషుల్ని పోగుచేస్తుంది. వాళ్ళు ఇక్కడ ఎక్కడ దిగాలి, ద్రాక్ష నలిపి వైన్ చేసే బొదేగాల్లో ఏది ముందు చూడాలి ఏది వెనక చూడాలి, ఏ పూట ఏం తినాలి, రుచి చూసి ఉమ్మెయ్యమంటే మింగేసి తూలేవాళ్ళని ఎవరు పట్టుకోవాలి, ఇదంతా గ్రిసెల్దా పని. మధ్యాహ్నం రెండింటికి బొదేగా చూస్తామంటారు. ఆ వేళప్పుడు ఈ దేశంలో కుక్క కూడా కళ్ళు తెరవదని ఏటా చెప్పాలి. ఏటా ఆశ్చర్యపోతారు.

ఇదివరకటి యాత్రల్లో ఆవిడకి సొంత ఆశంటూ ఏమీ ఉండేది కాదు. ఈసారి ఉంది. మెందోసా పక్కనే ఉన్న లున్లుంతాలో తన బాబాయి అనాక్లేతో నడిపే చిన్న బొదేగాకి ఈ యాత్రలో ఒక పూట దొరకాలి. దొరికితే కంపెనీ ఏటేటా మనుషుల్ని పంపుతుంది, బాబాయి తోట నిలబడుతుంది. దొరక్కపోతే తోట పోతుంది. ఇందులో దాపరికం లేదు, ఊరంతటికీ తెలిసిన సంగతే. ఆ తోటకి మూడు పక్కలా ఉన్న ద్రాక్షతోటలు అప్పటికే పోయాయి. వాటి చోట గేటూ, కాపలావాడూ, ఈతకొలనూ ఉన్న కాలనీలు లేచాయి. పీకి కుప్పపోసిన పాదుల్ని తగలబెడితే ఆ పొగ చలికాలమంతా అనాక్లేతో ఇంటి మీదుగానే పోయింది. ఆ కాలనీలు కట్టే పెద్దమనిషి అప్పుడప్పుడూ మర్యాదగా కేకు పట్టుకొచ్చి, కాసేపు కూర్చుని, తోట ఊసు ఎత్తకుండానే వెళ్ళిపోతుంటాడు. ఎత్తక్కర్లేదని వాడికి తెలుసు.

"ఈ కోతల్లో మన గుమ్మం ఎవరూ తొక్కకపోతే వాడికే ఇచ్చేస్తానే" అన్నాడు అనాక్లేతో ఒక ఆదివారం, పందిరి కింద కూర్చుని మాతే ఆకుల కషాయం గొట్టంతో పీలుస్తూ. "తాగేవాడు లేనప్పుడు తోటెందుకు? ఆ కేకు తినలేక చస్తున్నా."

"ఇవ్వక్కర్లేదు బాబాయ్. నేను తీసుకొస్తాగా మనుషుల్ని" అంది గ్రిసెల్దా.

"తీసుకొచ్చి ఏం చూపిస్తావు? మీ పిన్నినా?"

"నన్ను చూడాలంటే టికెట్టు పెట్టండి. మొదటిది మీరే కొనాలి" అంది పిన్ని ఎర్సీలియా, మాంసం కూరి కాల్చే ఎంపనాదలకి పిండి పిసుకుతూ తలెత్తకుండా.

ఫిలిప కూడా ఆ ప్రశ్నే అడిగింది, ఇంకాస్త నాజూగ్గా. చిన్న బొదేగాలు బోలెడున్నాయి, అన్నిటిలోనూ మంచి వైనే ఉంటుంది, అన్నిటిలోనూ పీపాల పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు. మా వాళ్ళు ఊరికెళ్ళాక చెప్పుకోడానికి మీ బాబాయి దగ్గర ఏముంది? గ్రిసెల్దా నోటికొచ్చింది చెప్పేసింది. నేలలోపల కట్టిన పాత సిమెంటు తొట్టి ఒకటి ఉంది, తాతల కాలం నాటిది, ఇప్పుడు ఖాళీ. మెట్లు కట్టిస్తాం. లోపల బల్ల వేస్తాం. వైన్ నిద్రపోయిన చోటే కూర్చుని, కొవ్వొత్తుల వెలుగులో వైన్ తాగొచ్చు.  ఫిలిప వెంటనే, యాత్ర మొత్తానికి అదే ముఖ్యఘట్టం చేద్దామంది.

ఆ సంగతి విన్న అనాక్లేతో గడ్డం గోక్కున్నాడు.

"తొట్లో కూర్చుని తాగుతారా? పైన గాలి బాలేదా వాళ్ళకి?"

"అదో సరదా బాబాయ్."

"మా నాన్న ఆ తొట్టి కడగమని నన్ను దింపితే బావురుమని ఏడ్చేవాణ్ణి. డబ్బిచ్చి దిగుతారన్నమాట." మాతే గిన్నె పక్కనపెట్టి, ఈసారి నవ్వకుండా అన్నాడు. "వచ్చేది మార్చిలో కదా. అప్పటికి పక్కన తొట్లన్నీ పొంగుతుంటాయి. కింద కొవ్వొత్తి వెలుగుతుండాలి. అది వెలుగుతున్నంతసేపే మనుషులు కింద ఉండాలి. రెపరెపలాడిందా, అందరూ పైకి. నీ దొరలకి ముందే చెప్పు. ఒప్పుకుంటే సరే, లేకపోతే వద్దు."

"కొవ్వొత్తులే కదా, వాళ్ళకీ కావాల్సింది అవే" అంది గ్రిసెల్దా. తేలిక పడింది.

లున్లుంతాలో పుట్టినవాళ్ళెవరికీ ఈ కొవ్వొత్తి సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పులిసే ద్రాక్షరసం ఒక ఊపిరి వదుల్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు గనక నీళ్ళలా పల్లానికి పారి, గుంట దొరికితే అందులో నిండి కూర్చుంటుంది. అందులోకి దిగిన మనిషి రెండు ఊపిర్లు తీసి కూలబడతాడు. వాణ్ణి లాగుదామని దిగినవాడు వాడి పక్కనే పడతాడు. అందుకని తొట్లోకి దిగేముందు రేకుడబ్బాలో కొవ్వొత్తి వెలిగించి తాడుతో దింపుతారు. అది ఆరితే ఎవరూ దిగరు. ఎవరైనా లోపల పడిపోయి ఉన్నా సరే, దిగరు. ఊళ్ళో సగంమంది పనివాళ్ళకి ఇది నేర్పింది అనాక్లేతోయే. కొవ్వొత్తి లేకుండా కాలు లోపల పెట్టాడని సొంత కొడుకు ఫౌస్తోని, మీసాలొచ్చిన వాణ్ణి, పదిమందిలో చెంప పగలగొట్టాడు. ఊళ్ళో అనాక్లేతో పేరంటే ఇదే. వైన్ సంగతి ఎవరి రుచి వారిది గానీ, ఈ విషయంలో ఆయన మాటకి తిరుగులేదు.

తొట్టి కడిగి సున్నం కొట్టారు. ఫౌస్తో చెక్కమెట్లు తయారుచేశాడు. పిన్ని పెళ్ళినాటి బల్లగుడ్డ ఉతికి ఆరేసింది. ఇల్లంతా పండగలా ఉన్న ఆ వారంలోనే ఫిలిప ఫోను చేసి, ఓ చిన్న విషయం అంది. మూసి ఉన్న చోట నిప్పు వెలిగించడానికి బీమావాళ్ళు ఒప్పుకోరు. గాలి కోసం ఫ్యాను పెట్టండి, మంచిదే. కొవ్వొత్తులు మాత్రం బ్యాటరీవి.

గ్రిసెల్దా గట్టిగానే వాదించింది. అది అలంకారం కాదని, ఇక్కడి పద్ధతని, ప్రాణాలకి సంబంధించిందని చెప్పింది. ఫిలిప సానుభూతిగా విని, అయితే ఆ పూట తీసేద్దామా అని మృదువుగా అడిగింది. వద్దు, బ్యాటరీవే పెడతానంది గ్రిసెల్దా.

ఇంటికెళ్ళి ఆ మాట బాబాయికి చెప్పి ఉండాల్సింది. చెబితే ఏమంటాడో తెలుసు. అయితే వద్దు అంటాడు, అని కేకు పెద్దమనిషికి కబురు పెడతాడు. అందుకని, అతిథులొచ్చే రోజున చెబుదాం, ఫ్యాను తిరుగుతుంటుంది కదా, అప్పుడు ఒప్పిస్తాలే అనుకుంది. అడగడానికి భయమేసిన ప్రతిదాన్నీ రేపటికి నెట్టే మనిషి తను. చిన్నప్పటినుంచీ అంతే.

ఆ బ్యాటరీ కొవ్వొత్తులు చూస్తే ఎవరైనా మోసపోవాల్సిందే. పైన నిజం మైనమే. ఒలికి గడ్డకట్టిన చుక్కలు కూడా ఉన్నాయి. మంట కదులుతుంది, తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది. అరచేతిలో పట్టే రిమోటుతో అన్నీ ఒకేసారి వెలుగుతాయి. అమ్మినవాడు దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు.

ఫిబ్రవరి ఆఖర్లో సెమియోన్ ద్రాక్ష కోశారు. తెల్లద్రాక్ష అన్నిటికంటే ముందు పండుతుంది. పిండిన రసాన్ని నేలతొట్టి పక్కనున్న పెద్దతొట్లకి ఎత్తారు. అది ఇంకా కదలకుండా పడున్న రోజునే గ్రిసెల్దా కిందికి దిగి, గుడ్డ పరిచి, గ్లాసులు సర్ది, మధ్యలో కొవ్వొత్తులు నిలబెట్టి పైకొచ్చింది. సున్నం వాసన పోవాలని నేలతొట్టి మూత తెరిచే ఉంచారు. తర్వాత రసం పొంగడం మొదలెట్టింది. తొట్లమీద నురుగు లేచి, బొదేగా అంతా సన్నగా బుసబుసమంటూ ఉంది. ఆ చప్పుడు వింటే అనాక్లేతోకి నిద్ర బాగా పడుతుంది.

ఫోటోలు తీసి ఫిలిపకి పంపాలని గ్రిసెల్దా మళ్ళీ వచ్చింది ఆ పొంగు మధ్యలోనే. కిందికి దిగలేదు. దిగకూడదని తెలుసు, ఫ్యాను ఇంకా బిగించలేదు. మూత అంచున నిలబడి రిమోటు నొక్కింది. కింద బల్లమీద కొవ్వొత్తులు వెలిగాయి. తెల్లగుడ్డ మీద, గ్లాసుల మీద వెలుగు ఆడింది. గెలిచాం అనుకుంది. ఫోటోలు పంపిన వెంటనే ఫిలిప ఫోను చేసింది. ఆ మందపాటి గోడల్లో మాట తెగిపోతుంటే బయటికి, కాలవగట్టు మీద చెట్ల కిందికి నడిచింది. అతిథుల్లో ఒకాయనకి బాదం, జీడిపప్పులు పడవట. ఒకావిడ మాంసం ముట్టదట, చేప తింటుందట. ఎర్ర వైన్‌కి ముందు తెల్లది ఒకటి చాలా, రెండు పొయ్యాలా అని మాట్లాడుకుంటున్నారు. రెండు పోద్దాం అంటోంది గ్రిసెల్దా, లోపల్నుంచి ఫౌస్తో కేక వినిపించేసరికి.

ఆవిడ వెళ్ళేసరికి ఫౌస్తో నడుందాకా తొట్లోకి దిగి ఉన్నాడు.

"అన్నయ్యా, దిగకు" అంది, పరిగెత్తుతూనే.

"నాన్న పడిపోయాడే. మెట్లమీద కాలు జారినట్టుంది. ఇప్పుడే ఇటుపోతూ గొణుక్కున్నాడు, ఈ పిల్ల కొవ్వొత్తులు వెలిగించి వదిలేసి పోయింది, బల్ల అంటుకుంటుంది అని. ఆర్పడానికి దిగుంటాడు."

"పైకి రా. గాలి చెడింది."

"ఎక్కడ చెడింది? చూడు, వెలుగుతున్నాయిగా." ఇంకో మెట్టు దిగాడు.

"అవి నిప్పు కాదన్నయ్యా."

"ఏంటి?"

 చేతిలో ఉన్న రిమోటు నొక్కింది. కింద కొవ్వొత్తులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. బల్లా, గ్లాసులూ, బల్లపక్కన బోర్లా పడున్న మనిషీ చీకట్లో కలిసిపోయారు.

ఫౌస్తో చీకట్లోకి చూశాడు. ఆవిడ చేతిలో ఉన్నదాన్ని చూశాడు. మళ్ళీ కిందికే కదలబోయాడు. గ్రిసెల్దా నేలమీద పడి రెండు చేతులతో అతని చొక్కా కాలరు పట్టుకుని లాగింది. వదలవే, నాన్న... వదలవే అంటూ గోళ్ళతో రక్కాడు. వదల్లేదు. ఆ బాబాయి నేర్పిన పాఠమే, ఆ బాబాయి మీదే అమలుచేసింది. చివరికి ఫౌస్తో కుప్పలా పైకొచ్చి, లేచి, గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, తోటకి గంధకం చల్లే యంత్రం కోసం పరిగెత్తాడు. దాని గొట్టం తొట్లోకి దింపి గాలి కొట్టారు. ఆ గాలి చాలేదాకా ఇద్దరూ అంచున కూర్చున్నారు. ఆ కూర్చోవడం ఎలాంటిదో రాసేవాడికి రాయడం చేతకాదు. యంత్రం మోతకి వంటింట్లోంచి పిన్ని అరుస్తోంది, దుమ్మంతా ఇంట్లోకొస్తోంది, ఆపండర్రా అని.

పైకి లాగేసరికి అనాక్లేతో పోయి చాలాసేపయింది.

అందరూ రాకముందే ఫౌస్తో మళ్ళీ కిందికి దిగి ఆ కొవ్వొత్తుల్ని గోనెసంచిలో వేసుకొచ్చాడు. పిండిన తొక్కుల గుట్టలో లోపలికంటా పూడ్చేశాడు. గ్రిసెల్దా చూస్తూ నిలబడింది. ఎందుకని అడగలేదు.

అగ్నిమాపకదళం నాయకుడు కూడా అనాక్లేతో దగ్గర పని నేర్చుకున్నవాడే. తొట్లోకి మీటరు దింపి చూసి, గ్యాసే అన్నాడు. బల్ల చుట్టూ వెతికాడు. "రేకుడబ్బా ఏది? కొవ్వొత్తి ఏది?" అని ఫౌస్తోని అడిగాడు. లేదన్నాడు ఫౌస్తో. ఆ మనిషి టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అంతే, సాయంత్రానికి ఊరంతా పాకింది. అనాక్లేతో, అంతటి అనాక్లేతో, కొవ్వొత్తి లేకుండా దిగాడట. వయసు మీద పడింది పాపం. దొరలొస్తున్నారన్న ఆత్రంలో ఒళ్ళు మర్చిపోయాడు. ఒకప్పుడు ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళు మరీ జాలిపడ్డారు. ఆ జాలిలో కాస్త తీపి కూడా ఉంది.

పిన్ని ఒక్కతే ఒప్పుకోలేదు. సంతాపానికి కట్టిన నల్లబట్టల్లో, రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి గొంతు చించుకుంది. "చెప్పులేసుకోడం మర్చిపోతాడు. నా పుట్టినరోజు మర్చిపోతాడు. కొవ్వొత్తి మర్చిపోడు. ఆయన్ని నలభయ్యేళ్ళు వండిపెట్టి చూశాను, మీరు కాదు." అందరూ అవునమ్మా అన్నారు. ఆవిడ తిరిగి వెళ్తుంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నువ్వక్కడే ఉన్నావు కదే" అంది పిన్ని ఒకరోజు గ్రిసెల్దా చెయ్యి పట్టుకుని. "నీకు కొవ్వొత్తి కనిపించలేదా? ఏ మూలనైనా?"

"లేదు పిన్నీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

ఆ చెయ్యి వదిలించుకోవడానికి గ్రిసెల్దాకి ధైర్యం చాలేదు.  చెప్పేద్దాం, పిన్ని కాళ్ళమీద పడి చెప్పేద్దాం అనుకుని బొదేగా వెనక్కి వెళ్ళి ఫౌస్తోతో అంది.

ఫౌస్తో పీపా కడుగుతున్నాడు. ఆపలేదు.

"చెప్పి?"

"పిన్నికి నిజం తెలియాలి. బాబాయి తప్పు లేదని తెలియాలి. ఊరు ఏమనుకుంటోందో విన్నావుగా."

"విన్నా. తెలిస్తే అమ్మ నిన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? నువ్వు రాకపోతే నీ దొరలొస్తారా? వాళ్ళు రాకపోతే ఆ కేకుగాడు వస్తాడు." నీళ్ళు పారబోశాడు. "నాన్న ఆ తొట్లోకి ఎందుకు దిగాడు? తోట ఉండాలనేగా. ఆయన పోయాడు, తోట కూడా పోవాలా? నోరు మూసుకుని నీ పని నువ్వు చూడు. నిన్ను నేను క్షమించలేదు, అది వేరే సంగతి. పనైతే కానీ."

పని చూసుకుంది. ఫిలిప ఫోను చేసింది. చాలా బాధపడింది, నిజంగానే బాధపడింది. తర్వాత గొంతు మార్చుకుని, మా వాళ్ళు కొన్ని విషయాలు అడగమన్నారు అంది. తొట్లోకి ఇక ఎవరూ దిగరు కదా. దిగరు, మూత వేసేశాం, బల్ల పందిరి కింద వేస్తాం. అక్కడ పెట్టిన మన వస్తువుల వల్ల ఏమైనా జరిగిందా? గ్రిసెల్దా కిటికీలోంచి బయటికి చూసింది. తోటలో ఫౌస్తో ఒంటరిగా ఎర్రగెలలు చూసుకుంటూ వంగి నడుస్తున్నాడు. లేదు, ఆయన చెప్పకుండా దిగాడు అంది. గాలి చూసుకోలేదా? లేదు. అంటే ఆయన పొరపాటే అనుకోవచ్చా? క్షమించు, ఇలా అడగాల్సొస్తోంది. మా అతిథులకి ముందుగా చెప్పాలి, అక్కడికొచ్చాక భయపడకుండా.

"అవును" అంది గ్రిసెల్దా. "ఆయన పొరపాటే."

ఆ పూట యాత్రలో నిలిచింది.

మార్చి ఆఖరుకి వాళ్ళొచ్చారు. కఫయాతే ఎండకి ముక్కులు ఎర్రబడి, టోపీలు పెట్టుకుని, పందిరి కింద నెమ్మదిగా నడుస్తూ, ప్రతిదానికీ థాంక్స్ చెబుతూ. మంచివాళ్ళే. ఫౌస్తో ఈ ఏటి కొత్త సెమియోన్ పోశాడు. గ్లాసు ఎత్తి వాసన చూసి, కళ్ళు మూసుకుని, చాలా బావుందన్నారు, అబద్ధం ఆడలేదు. అది అనాక్లేతో ఆఖరి వైన్, అందులో ఏ లోపమూ లేదు. వచ్చే ఏడాదికి ఇంకో జట్టుని పంపుతామని ఫిలిప అప్పుడే ఫోనులో చెప్పేసింది. పిన్ని వేడివేడి ఎంపనాదలు పళ్ళెంలో పెట్టుకుని తనే తిప్పింది. నల్లబట్టల మీద తెల్ల ఏప్రాను కట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో కాస్త రంగు కనిపించింది.

వాళ్ళలో ఒక పెద్దాయన, పొడుగ్గా, గౌరవంగా ఉన్నవాడు, గ్రిసెల్దా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. అనాక్లేతోగారు జాగ్రత్త చూసుకోకుండా దిగిన తొట్టి ఇక్కడేనా అని. వాళ్ళ నోట ఆ పేరు వంకరగా వచ్చింది గానీ, పిన్నికి తెలిసింది. పళ్ళెం పట్టుకునే ఆగిపోయింది.

"మీ బాబాయి గురించేనా? ఏమంటున్నాడే?"

"ఇక్కడేనా అని అడుగుతున్నారు పిన్నీ."

"ఎలా పోయాడో వాళ్ళకి తెలుసా?"

"తెలుసు."

పిన్ని పళ్ళెం బల్లమీద పెట్టింది. ఏప్రానుకి చేతులు తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. "అయితే చెప్పు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. మా ఆయన కొవ్వొత్తి చూడకుండా ఏనాడూ దిగలేదు, ఆ రోజూ దిగలేదు అని చెప్పు. ఊళ్ళోవాళ్ళు ఏదో అంటారు, అదంతా తప్పని చెప్పు. మర్చిపోయే మనిషి కాడని చెప్పు."

పందిరి కింద అందరూ మాటలాపి ఇటే చూస్తున్నారు. ఫౌస్తో సీసా వంచినవాడు అలాగే ఉండిపోయాడు.

గ్రిసెల్దా చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. ఆయన కొవ్వొత్తి చూడకుండా ఏనాడూ దిగలేదని ఆయన భార్య చెబుతున్నారు. ఆ రోజు కూడా. ఊళ్ళోవాళ్ళు అనేదంతా తప్పు. ఆయన మర్చిపోయే మనిషి కాదు. ఇరవయ్యేళ్ళుగా పరదేశీయుల ముందు తను పలికిన మాటల్లో ఇంత నిజమైనవి లేవని చెబుతున్నప్పుడే తెలిసింది ఆవిడకి.

ఇంగ్లీషువాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళకి అసలు సంగతి ముందే తెలుసు, కంపెనీ చెప్పింది. పెద్దాయన మర్యాదగా, అవునవును అన్నాడు. ఒకావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుకొచ్చి పిన్ని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, బుజ్జగించినట్టు మెల్లగా నిమిరింది. పక్కావిడ చెవిలో ఏదో అంది. భర్త తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో పాపం, అన్న మాట గ్రిసెల్దాకి వినిపించింది.

పిన్ని ఆ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. గ్రిసెల్దా వైపు తిరిగింది. ఆవిడ మొహం ఆ నెలరోజుల్లో అంత తేటగా ఎప్పుడూ లేదు.

"చూశావుటే" అంది. "మనవాళ్ళెవరూ నమ్మలేదు. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు, వీళ్ళు నమ్మారు."

"అవును పిన్నీ" అంది గ్రిసెల్దా.

ఫౌస్తో గ్లాసుల్లో రెండో వైన్ పోయడం మొదలెట్టాడు.